టోక్యో–శాన్‌ఫ్రాన్సిస్కో విమానంలో ఎదురుగాలి లెక్క ఎలా వేయాలి?

రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలతో, భూమి వ్యాసార్థం 6,371 కి.మీ.గా లెక్కిస్తే అతి దగ్గరి దారి సుమారు 8,200 కి.మీ. వస్తోంది. మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిస్తే ఇది రాదు, ఎందుకంటే అసలు దారి ఉత్తరానికి వంగి ఉంటుంది. గంటకు 900 కి.మీ. చొప్పున భాగించి, రన్‌వే దాకా వెళ్లడానికి, ఎక్కడానికి, దిగడానికి అరగంట కలిపితే దాదాపు 9 గంటల 40 నిమిషాలు. టోక్యో నుంచి వెళ్లేటప్పుడు ఇది టైమ్‌టేబుల్‌కు దగ్గరగానే ఉంది. తిరుగు ప్రయాణం మాత్రం సుమారు 11 గంటలు!

పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ (చాలా ఎత్తులో వేగంగా వీచే గాలి) వల్లే ఈ తేడా, చలికాలంలో అది మరీ బలంగా ఉంటుంది. టైమ్‌టేబుల్‌లోని సమయాలన్నీ యూటీసీలోకి, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలోకి, మార్చే తీసివేశాను (శాన్‌ఫ్రాన్సిస్కోలో వేసవికి గడియారం గంట ముందుకు జరుపుతారు, చాలామంది పొరబడేది ఇక్కడే).

ఎదురుగాలికి ఏ నెలలో ఎంత సగటు తీసుకోవాలి? గాలిని తప్పించుకోవడానికి పక్కకు తిరిగే అదనపు దూరాన్ని ఎలా కలపాలి? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.