ఏరువాక పున్నమి నాడు పుట్టిన పాపకు ఆరో పుట్టినరోజు: జూన్ 5నా, 29నా?

ఏరువాక పాప వాళ్ళమ్మ (మియాపూర్, హైదరాబాద్):

అందరికీ నమస్కారం. మా పాప 2020 జూన్ 5న పుట్టింది. శార్వరి నామ సంవత్సరం, ఏరువాక పున్నమి (జ్యేష్ఠ మాసం పున్నమి, రైతులు ఎద్దులను పూజించి తొలి సాలు దున్నే రోజు), శుక్రవారం. ఈ ఏడాది జూన్ 5 కూడా శుక్రవారమే, పాపకు ఆరు నిండుతాయి. కానీ ఈసారి జ్యేష్ఠాలు రెండు వచ్చాయి. మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, ఆ తర్వాత నిజ జ్యేష్ఠం. ఏరువాక పున్నమి జూన్ 29న పడింది, సోమవారం.

అత్తమ్మ "అధిక మాసంలో పిల్లకు పుట్టినరోజు ఏంటమ్మా, నిజంలో చేద్దాం" అంటున్నారు. పాపేమో అపార్ట్‌మెంట్‌లో తన జట్టు పిల్లలందరికీ జూన్ 5 అని ఎప్పుడో చెప్పేసింది. మా ఆయనకు రెండూ అభ్యంతరం లేదు గానీ, 29న ఊరికి వెళ్ళడమంటే ఒప్పుకోవడం లేదు. బడి తెరిచి రెండు వారాలు దాటుతుంది, ఒకటో తరగతి, కొత్త టీచరు, అప్పుడే మానిపిస్తే ఎలా అంటారు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది.

ఊరు ఎందుకంటే, మా పుట్టిల్లు ఎమ్మిగనూరు దగ్గర. పాప పుట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను. కరోనా రోజులు. వాళ్ళ నాన్న హైదరాబాదులో ఉండిపోయి పాపను ఫోన్లోనే చూశారు. ఆ రోజు పొద్దున మా నాయన ఎద్దులను బోరు దగ్గర కడిగి, కొమ్ములకు రంగు పూసి, నాకు నొప్పులు మొదలవడంతో అట్లే కట్టేసి మాతో ఆసుపత్రికి వచ్చేశాడు. సాలు తోలలేదు ఆ ఏడాది. మూడో రోజు ఇంటికి రాగానే పాపను చాప మీద పడుకోబెట్టించి, పక్కన ఎద్దులను తోలే తన ముల్లుగర్ర పెట్టి, పాదాల నుంచి తల దాకా కొలిచి కొడవలితో చిన్న గాటు పెట్టాడు. ఆసుపత్రి కాగితంలో 49 సెంటీమీటర్లు. కర్ర మీద కూడా సరిగ్గా అంతే.

అప్పట్నుంచి ప్రతి ఏరువాక పున్నమికీ గాటు పడుతూనే ఉంది, 2022లో తప్ప. ఆ ఏడు పాపకు జ్వరం, వెళ్ళలేకపోయాం. ఫోన్లో 86 అని చెప్పాను. నాయన అక్కడ గాటు పెట్టలేదు, ఎర్ర దారం కట్టాడు. "బిడ్డ కర్ర పక్కన నిలబడకుండా గాటు ఎట్ల పెడతాను మ్మా" అన్నాడు. ఆ దారం రంగు వెలిసిపోయింది గానీ ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇప్పుడు పాప సంగతి. పోయిన ఏడాది దాకా ఎద్దుల కొట్టం గడప దాటేది కాదు, నా చీర పట్టుకుని చూసేది. ఈ సంక్రాంతికి ఒక్కతే లోపలికెళ్ళి గడ్డి పరక అందించి వచ్చింది. కింద ముందు పన్ను ఊగుతోంది, రోజుకు పదిసార్లు నాలుకతో తోసి చూపిస్తుంది. బస్సుల మీద ఊర్ల పేర్లు కూడబలుక్కుని చదువుతోంది. మొన్న తల దువ్వుతుంటే అద్దంలో నన్నే చూస్తూ, "అమ్మా, నా పుట్టినరోజు నాడు నీకు బాగా నొప్పి పుట్టిందా?" అని అడిగింది. చేతిలో దువ్వెన అట్లే ఆగిపోయింది. పుట్టినరోజంటే కొత్త గౌను అనుకునే పిల్ల, ఆ రోజు నాకేమైందని అడిగే దాకా వచ్చింది.

అసలు ఈ ప్రశ్న ఇక్కడ పెట్టడానికి కారణం కూడా తనే. మా అందరి వాదన విని, "అమ్మా, జూన్ ఐదుకి నాకు ఆరు నిండుతాయి కదా. మరి తాత దగ్గర ఇరవై తొమ్మిది దాకా నిండవా? అన్ని రోజులు నాకెన్నేళ్ళు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

అధికంలో కేకు కోస్తే తప్పా? 29 బదులు ముందు రోజు ఆదివారం వెళ్ళి కొలిపించుకు వచ్చేస్తే సరిపోతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పంచాంగం తాతయ్య (తెనాలి):

అమ్మా, ముందు నీ భయం తీరుస్తాను. సూర్యుడు రాశి మారడం సంక్రమణం, అది లేని చాంద్రమాసం అధికం. ఈసారి వృషభ సంక్రమణం మే 15నే అయిపోయింది, మిథున సంక్రమణం జూన్ 15న అమావాస్య వెళ్ళాక వస్తుంది. మధ్య నెలకు సంక్రమణం లేదు, అందుకని అది అధిక జ్యేష్ఠం. ఆ నెలలో పెళ్ళి, గృహప్రవేశం, ఉపనయనం లాంటివి పెట్టుకోరు. పిల్లలను పోగేసి మిఠాయి పంచడానికి ఏ అడ్డూ లేదు. దానం మంచిదనే మాసం అది, పిల్లల చేతిలో తీపి పెట్టడం మాత్రం దానం కాదా?

తిథి ప్రకారం తలంటు, నలుగు, కొత్త పరికిణీ, పాయసం, పెద్దల అక్షింతలు మాత్రం నిజ జ్యేష్ఠంలోనే. మీ అత్తగారు చెప్పింది సబబు. కాబట్టి రెండూ చేసుకోండి. ఆదివారం చతుర్దశి, పున్నమి కాదు. మీ నాయనగారు ఆ రోజు గాటు పెట్టరని నా నమ్మకం.

ఇంకో మాట, నీ ప్రశ్న చదివాక నిన్న రాత్రి పాత పంచాంగాలు తీశాను. మీ పాప పున్నములు చూడు: 2021 జూన్ 24, 2022 జూన్ 14, 2023 జూన్ 4, 2024 జూన్ 22, 2025 జూన్ 11, ఇప్పుడు జూన్ 29. చాంద్రమానంలో మామూలు ఏడాదికి 354 రోజులు, అధిక మాసం కలిస్తే 384 దాకా. 2023 నుంచి 2024కి 384 రోజులు పట్టింది, 2024 నుంచి 2025కి 354. ఈసారి 383. అంటే ఆ కర్ర మీద గాట్ల ఎడం ఏడాదికో తీరుగా ఉంటుంది. పోయినసారి దగ్గరగా పడి ఉంటుంది, ఈసారి కాస్త ఎడంగా పడుతుంది. నెల రోజుల ఎదుగుదల అదనం మరి.

మీ పాపతో చెప్పు, పందొమ్మిదేళ్ళకు ఈ రెండు లెక్కలూ మళ్ళీ దగ్గరికొస్తాయి. 2039లో ఏరువాక పున్నమి జూన్ 6న పడుతుంది.

ఒకటో తరగతి టీచర్ (కర్నూలు జిల్లా):

మీ ఆయన భయం నాకు అర్థమవుతుంది, ఏటా జూన్‌లో నేను చూసేదే. కొత్తగా చేరిన పిల్ల వారం వారం మానేస్తే కుదురుకోవడం కష్టం. కానీ ఒక్క సోమవారం వేరు. ముందుగా ఒక చీటీ రాసి పంపండి, కారణం ఉన్నదున్నట్టు రాయండి. జ్వరం అని రాయొద్దు, పాప ముందు అసలే వద్దు. ఆరేళ్ళ పిల్లలు మనం రాసే చీటీ చదువుతారు.

మా బడిలో ఏరువాక మర్నాడు నేను పాఠం మొదలుపెట్టను. ఎవరెవరు ఏమేం చూశారో చెప్పమంటాను. ఊరి ముందర గోగునార తోరణం ఎవరు తెంపారు, ఎవరి ఎద్దులు ముందు దాటాయి, ఇంట్లో ఓళిగలు ఎన్ని తిన్నారు. అక్షరాలు రాని పిల్లలు కూడా ఆ రోజు ఆగకుండా మాట్లాడతారు. పున్నమి పోయాక వచ్చే అమావాస్యకు మా వైపు బంకమట్టితో ఎద్దులు చేస్తారు కదా, మీ పాప చేత ఒక జత చేయించి బడికి పంపండి. మీ టీచరు గారు సంతోషిస్తారనే అనుకుంటున్నాను.

"మరి నాకెన్నేళ్ళు?" అన్నదానికి నేనైతే ఇట్లా చెప్తాను: ఐదో తేదీకి ఆరు నిండుతాయి, ఆ మరుక్షణం నుంచి ఏడు నడుస్తాయి. తాత దగ్గరికి వెళ్ళేసరికి నువ్వు ఏడులో ఇరవై నాలుగు రోజులు నడిచి వచ్చినదానివి. పిల్లలకు నిండడం కంటే నడవడం తొందరగా అర్థమవుతుంది.

అంగన్‌వాడీ టీచర్ (పార్వతీపురం):

అక్కా, నేను నెలనెలా పిల్లల ఎత్తు, బరువు రాసే దాన్ని, అందుకని నా కన్ను ముందు మీ కర్ర మీదే పడింది. పుట్టినప్పుడు 49, రెండేళ్ళకు 86, చక్కగా ఉంది. మిగతావి కూడా రాయరా? రెండేళ్ళు దాటాక ఏడాదికి అయిదారు సెంటీమీటర్లు, ఒక్కోసారి ఇంకాస్త ఎదుగుతారు. ఎత్తు కొలిచేటప్పుడు చెప్పులు, జడలో పూలు తీసేసి, మడమలు ఆనించి నిలబెట్టమని తాతగారికి చెప్పండి.

పుట్టినరోజు నెలలోనే రెండు పనులు కానిచ్చేయండి. అయిదారేళ్ళ మధ్య వేయించాల్సిన డీపీటీ బూస్టర్ టీకా పడిందో లేదో కార్డు చూడండి. ఆధార్‌కు అయిదేళ్ళు దాటాక వేలిముద్రలు, కంటిపాప కొత్తగా ఇవ్వాలి, ఏడు నిండకముందు చేయిస్తే డబ్బు కట్టక్కర్లేదు. మా దగ్గర చాలామంది బడిలో అడిగినప్పుడు పరిగెత్తుతారు.

పన్ను గురించి కంగారు పడకండి, ఆరేళ్ళకు ఊడడం మొదలవుతుంది. వెనక దవడల్లో కొత్త పళ్ళు కూడా ఇప్పుడే వస్తాయి. అవి మళ్ళీ రానివి, పాలపళ్ళనుకుని పుచ్చనివ్వకండి.

డల్లాస్ నాన్న:

నేను చెప్పేది చిన్న సంగతి. మా అమ్మాయి ఎత్తు గరాజ్ గోడ మీద గీసేవాణ్ణి, రెండేళ్ళప్పటి నుంచి ఎనిమిదేళ్ళ దాకా. ఇల్లు మారినప్పుడు ఆ గోడకు ఫోటో తీసుకున్నాను. కొన్నవాళ్ళు రంగు వేసేశారు. ఫోటోలో గీతలున్నాయి గానీ మా అమ్మాయి వచ్చి వాటి పక్కన నిలబడలేదు కదా. మీ దగ్గర ఉన్నది కర్ర. ఎక్కడికైనా తీసుకెళ్ళొచ్చు, పెళ్ళయ్యాక ఆమె కూడా తీసుకెళ్ళొచ్చు. దయచేసి ఆ సోమవారం వెళ్ళండి.

ఏరువాక పాప వాళ్ళమ్మ:

అందరికీ పేరుపేరునా దండాలు. తాతయ్యగారూ, మీరు రాసిన తేదీలు నాయనకు ఫోన్లో చదివి వినిపించాను. లేచి వెళ్ళి కర్ర తెచ్చుకుని, గాట్ల మధ్య వేళ్ళు పెట్టి చూసుకున్నాడట. "అవును, పోయినేటిది దగ్గరగా ఉంది. బిడ్డ సరిగ్గా తినలేదేమో అని నేను లోపల దిగులు పడినా" అన్నాడు. ఏడాది పాటు ఆ దిగులు మాకు చెప్పలేదు. మీ లెక్క ఆయన మనసు తేలిక చేసింది.

చెల్లీ, అడిగావు కాబట్టి కొలతలు: ఏడాదికి 74, దారం దగ్గర 86, మూడేళ్ళకు 94న్నర, నాలుగుకు 102, పోయినేడు 108. బూస్టర్ పోయిన ఆగస్టులోనే వేయించాం. ఆధార్ మాత్రం మిగిలింది, ఈ శనివారం వెళ్తున్నాం.

మొదట రాసినప్పుడు ఒక మాట దాచాను. ఊళ్ళో ఇప్పుడు అన్నీ ట్రాక్టర్లే. ఎద్దులున్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నాయనకు డెబ్బై ఒకటి. ఈ వానాకాలం విత్తనం అయ్యాక ఆ జతను ఇచ్చేస్తానన్నాడు. మేత, చాకిరీ ఇక చేతకాదంటున్నాడు, నేను కాదనలేను. అంటే మా కొట్టంలో ఎద్దులుండగా వచ్చే ఆఖరి ఏరువాక ఇదే కావచ్చు. నిన్న రాత్రి మా ఆయనకు ఇది చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. పొద్దున లేచేసరికి ఆదివారం కర్నూలు బస్సుకు మూడు టికెట్లు చేసి ఉన్నాయి. సెలవు చీటీ కూడా ఆయనే రాస్తానన్నారు, టీచరమ్మ చెప్పినట్టు ఉన్నదున్నట్టుగా.

జూన్ 5 సాయంత్రం ఇక్కడ పిల్లలకు కేకు, అత్తమ్మ చేతి పులిహోర. ఆ పూట హారతి వద్దు, 29న మా అమ్మ ఇస్తుంది అని అత్తమ్మే తేల్చేశారు. ఆవిడ కూడా వస్తానంటున్నారు, నాలుగో టికెట్ చూడాలి.

పాపకు "ఏడులో ఇరవై నాలుగు రోజులు నడిచినదానివి" అని చెప్పాను. గోడ క్యాలెండర్ మీద 5 నుంచి 29 దాకా పెన్సిల్‌తో ఒక్కో గడిలో ఒక్కో చిన్న పాదం గీసుకుంది. ఆఖరి గడిలో రెండు కొమ్ములు. ఇంతలో నాయన ఫోన్ చేశాడు.

"ఎంత ఎదిగినావు మ్మా, నూట పద్నాలుగు ఉంటావా?" అని అడిగాడు.

పాప నా వైపు చూసింది. నేను చెప్పబోతుంటే నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"చెప్పను తాతా. నేనొచ్చి నిలబడతా, నువ్వే కొలువు."