మ్యూనిక్‌లో ఇల్లు: ప్రకటనలో 1,100 యూరోలు, చేతిలో ఎంత ఉండాలి?

కొత్తగా వస్తున్నవాణ్ణి: మార్చిలో ఉద్యోగానికి మ్యూనిక్ వస్తున్నాం, నేనూ మా ఆవిడా. ఒక ప్రకటనలో కాల్ట్‌మీటె 1,100 యూరోలని ఉంది. నెలకి ఇంటికయ్యేది అంతేనా అండీ? కుక్కర్, మిక్సీ తెచ్చుకోవాలా?

పాసింగ్ బాబాయి: అంతే ఎలా అవుతుంది! కాల్ట్‌మీటె అంటే ఉత్త గోడల అద్దె. నీళ్లు, చెత్త, మెట్ల శుభ్రం, చాలాచోట్ల హీటింగ్ కలిపితే వార్మ్‌మీటె. కరెంటు, ఇంటర్నెట్ మీరే వేరే పెట్టుకోవాలి. ప్రభుత్వ టీవీ, రేడియోల రుసుం ఇంటికి నెలకి 18.36 యూరోలు, టీవీ లేదన్నా వదలరు. ఆ రుసుం కట్టమని ఉత్తరం వస్తే మోసమనుకుని చించకండి. డిపాజిట్ మూడు కాల్ట్‌మీటెల దాకా అడగొచ్చు, అంటే 3,300. మూడు నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు చట్టంలోనే ఉంది. ఇల్లు చూపించకుండా డబ్బు పంపమంటే మాత్రం ఆ ప్రకటన వదిలేయండి.

స్టుట్‌గార్ట్ అక్క: బాబాయిగారూ, హక్కుంది సరే, ఒక్క ఇంటికి యాభై మంది క్యూ కట్టే ఊళ్లో చూడ్డానికెళ్లినప్పుడే వాయిదాలంటే ఇల్లిస్తారా?

పాసింగ్ బాబాయి: చూడ్డానికెళ్లినప్పుడు ఎవరడగమన్నారమ్మా? సంతకాలయ్యాక అడగాలి. ఒకేసారి కట్టాలని కాంట్రాక్టులో రాసినా ఆ షరతు చెల్లదు.

స్టుట్‌గార్ట్ అక్క: సరే, మీ ఇష్టం. తమ్ముడూ, అసలు చిక్కు అన్‌మెల్డుంగ్‌తో. ఇంట్లో దిగిన రెండు వారాల్లో ఊరి ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి అద్దె కాంట్రాక్టు చాలదు; నువ్వు ఆ ఇంట్లో దిగావని ఇంటాయన సంతకం చేసిచ్చే కాగితం, వోనుంగ్స్‌గేబర్‌బెస్టేటిగుంగ్, కావాలి. మొదట తాత్కాలికంగా దిగే అపార్ట్‌మెంటు వాళ్లు అది ఇస్తారో లేదో డబ్బు కట్టకముందే రాతలో అడుగు. నమోదయ్యాక ట్యాక్స్ ఐడీ పోస్టులో వస్తుంది. ఉత్తరాల డబ్బా మీద నీ ఇంటిపేరు లేకపోతే తిరిగిపోతుంది. ఆ నంబరు లేకపోతే ఆరో క్లాసు, అంటే అన్నిటికంటే ఎక్కువ కోత పడే పన్ను తరగతి, కింద పన్ను కోయొచ్చు, అప్పుడు జీతం బాగా తగ్గి కనిపిస్తుంది. తర్వాత సర్దుతారనుకో, కానీ డిపాజిట్ కట్టాల్సిన నెల కూడా అదే. మీ ఆవిడకి ఉద్యోగం లేకపోతే కోత తక్కువుండే మూడో క్లాసుకి దరఖాస్తు పెట్టు.

గార్షింగ్: వంటిల్లు ఎవరూ చెప్పలేదే. ప్రకటనలో ఈబీకే (అమర్చి ఉన్న వంటిల్లు) అని లేకపోతే పైపులు తప్ప ఏమీ ఉండవు: స్టవ్ లేదు, సింకు లేదు. పాత అద్దెదారు తన కిచెన్ కొనుక్కోమంటాడు. తీసుకునేముందు అది ఎంత పాతదో చూసి బేరమాడండి. లైట్ల చోట కూడా వైర్లే వేలాడతాయి. మిక్సీ తెచ్చుకోండి, ఇక్కడా 230 వోల్టులే, ప్లగ్ అడాప్టర్ చాలు. అల్యూమినియం కుక్కర్ వద్దు, పనిచేయదు.

పాసింగ్ బాబాయి: ఎందుకు పనిచేయదు? పాత ఇళ్లలో ఎక్కువగా సెరాన్ (గాజు పలక కింద వేడెక్కే కరెంటు) పొయ్యిలే, అడుగు చదునుగా ఉంటే చాలు. పనిచేయనిది ఇండక్షన్ మీద.

గార్షింగ్: ఏ పొయ్యి వస్తుందో తెలీనప్పుడు ఇండక్షన్ అడుగున్న స్టీల్‌దే తెచ్చుకుంటే గొడవుండదు కదా బాబాయ్. చలికాలంలో హీటర్ పెట్టి కిటికీ ఓరగా తెరిచి ఉంచకండి. గోడ చల్లబడి, వంట ఆవిరికి బూజు పడుతుంది, ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో కోస్తారు. రోజూ రెండు మూడుసార్లు కిటికీ పూర్తిగా తెరిచి ఐదు నిమిషాల్లో మూసేయండి. దిగేరోజే గోడలు, మీటర్ రీడింగులు ఫోటో తీసి, ఇల్లు అప్పగించే కాగితంలో రాయించండి.

స్టుట్‌గార్ట్ అక్క: అడగలేదుగానీ, కారు కొనే ఆలోచనుంటే మన లైసెన్సు ఇక్కడ కాపురం పెట్టిన ఆరు నెలల దాకే చెల్లుతుంది. తర్వాత థియరీ, డ్రైవింగ్ రెండు పరీక్షలూ రాయాల్సిందే. థియరీ ఇంగ్లీషులో ఉంటుంది.

పాసింగ్ బాబాయి: ఇల్లు మారాలంటే మూడు నెలల నోటీసు. కాగితం మీద సంతకంతో ఇవ్వాలి, ఈమెయిల్ చెల్లదు. నెల మూడో పనిదినంలోగా చేరితేనే ఆ నెల లెక్కలోకొస్తుంది. కాంట్రాక్టులో ఫలానా కాలం దాకా ఖాళీ చేయకూడదనే షరతుందేమో సంతకానికి ముందే చూసుకో.