పాత బీఎస్ఏ .315 రైఫిల్ పునరుద్ధరణ: అసలు విడిభాగాల గురించి సందేహం

ప్రశ్న (విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ): నాన్నగారి బీఎస్ఏ (బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ కంపెనీ) .315 స్పోర్టింగ్ రైఫిల్ లైసెన్సు నా పేరుకు మారింది. స్టాక్‌కు (చెక్క భాగానికి) ఎవరో మందంగా వార్నిష్ పూశారు, బోల్ట్ (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ) మీది నంబరుకూ రిసీవర్ (ఆ బోల్ట్ కదిలే ఇనుప చట్రం) మీది నంబరుకూ పొంతన లేదు, భుజపట్టీ తగిలించే కొక్కెం ఒకటి పోయింది. అసలు భాగాలతోనే పూర్వరూపానికి తేవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో పెద్దలు చెప్పగలరు.

జవాబు: అయ్యా, ముందు బోల్ట్ సంగతి చూడండి, కొక్కెం ఆగుతుంది. ఈ రైఫిళ్ళు లీ-ఎన్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ సైనిక రైఫిల్ పద్ధతివి కనుక బోల్ట్ తల మర తిప్పి బిగించే విడి ముక్కగా ఉంటుంది. నంబర్లు కలవలేదంటే బోల్ట్ ఎప్పుడో మారి ఉంటుంది. అలా మారినప్పుడు ఆ తలకూ, బ్యారెల్ వెనుక కొసన ఉండే గదిలో కూర్చున్న తూటా అంచుకూ మధ్య ఉండవలసిన సందు మారిపోవచ్చు. సందు ఎక్కువైతే పేలినప్పుడు తూటా గుల్ల చీలి, వేడి వాయువు కంటివైపు తన్నుకొచ్చే ప్రమాదముంది. కాబట్టి లైసెన్సు ఉన్న తుపాకుల మరమ్మతుదారు గేజితో కొలిచి చెప్పేవరకు పేల్చవద్దు. వేరే రైఫిల్ నుంచి తీసిన బోల్ట్, అది బర్మింగ్‌హామ్‌లో తయారైనదే అయినా, మీ రైఫిల్‌కు అసలు భాగం కాజాలదు.

1959 ఆయుధాల చట్టం ప్రకారం ఆయుధమంటే దాని విడిభాగాలు కూడా. విదేశీ వెబ్‌సైట్‌లో చూసి తెప్పించుకునే ఆలోచన మానుకొని, కొక్కెంతో సహా ఏది కావాలన్నా లైసెన్సు ఉన్న డీలరు ద్వారానే అడగండి, రసీదు దాచుకోండి.

స్టాక్ పని మాత్రం ఇంట్లో చేసుకోవచ్చు. గరుకు కాగితం దగ్గరికి రానీయకండి. ఇనుముతో సమంగా కూర్చున్న చెక్క అంచులు, దాని మీది ముద్రలు ఒక్కసారి అరిగితే తిరిగి రావు. వార్నిష్‌ను తొలగించే ద్రావకాన్ని మూలన కొద్దిగా పరీక్షించి, మెత్తని గుడ్డతో తీయండి. నొక్కుల మీద తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె మొన ఆనిస్తే ఆవిరికి పీచు ఉబ్బి పైకి లేస్తుంది, తెగిన పీచు మాత్రం లేవదు. ఆపైన అవిసె నూనెను పలుచగా, పూతపూతకూ ఆరనిస్తూ రాయాలి. మన ఊరి వానాకాలంలో ఆరడానికి రోజులు పడుతుంది, తొందరపడితే జిగటగా మిగులుతుంది. నూనె గుడ్డలను ఉండచుట్టి పారేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి, విడివిడిగా ఆరబెట్టండి.

ప్రశ్న: బ్యారెల్‌కు కొత్త నల్లరంగు వేయించమంటారా?

జవాబు: వద్దండి. కొత్త పూతకు ముందు సానబెడతారు, దానితో ప్రూఫ్ ముద్రలు (తుపాకిని పేల్చి పరీక్షించారని చూపే గుర్తులు) మసకబారుతాయి. తుప్పు మచ్చలను నూనె తడిపిన అతి సన్నని ఉక్కు ఊలుతో నెమ్మదిగా రుద్దితే చాలు. స్టాక్ విప్పినప్పుడు బ్యారెల్ అడుగు భాగం తప్పక చూడండి. సముద్రపు తేమ అక్కడే నిలుస్తుంది, పైకి కనబడదు. తోలు సంచిలో పెట్టి మూసేయడం ఈ ఊరికి పనికిరాదు, గాలి తగిలే తాళం బీరువాలో పలుచని నూనె పూతతో ఉంచండి.