“శ్రీశైల శిఖరం దృష్ట్వా”: వ్యాకరణం ఒప్పుకుంటుందా?

ప్రశ్న (కర్నూలు నుంచి):
ఉగాది ముందు మా రోడ్ల నిండా కన్నడ భక్తులే. ఆదోని, ఎమ్మిగనూరు మీదుగా కర్నూలు దాటి ఆత్మకూరు దిక్కు శ్రీశైలానికి నడిచి పోతుంటారు. వాళ్ళకు మజ్జిగ పోసే పందిళ్ళ మీద “శ్రీశైల శిఖరం దృష్ట్వా పునర్జన్మ న విద్యతే” (శ్రీశైల శిఖరం చూస్తే మళ్ళీ జన్మ ఉండదు) అని బ్యానర్ కట్టడం మామూలే. సంస్కృతం చదివిన ఒకాయన అది తప్పు ప్రయోగం అంటున్నాడు. ఇన్ని వందల మంది నోట నానే వాక్యం తప్పెట్లా అవుతుంది సార్?

జవాబు:
ఆయన అభ్యంతరం పాణిని సూత్రం మీద నిలబడింది: “సమానకర్తృకయోః పూర్వకాలే”. రెండు పనులకూ కర్త ఒకడే అయినప్పుడు, ముందు జరిగిన పనికి “త్వా” చేరుతుంది (“దృష్ట్వా” అంటే చూసి, “కృత్వా” అంటే చేసి). “స్నానం కృత్వా భుంక్తే” అంటే స్నానం చేసేదీ, తినేదీ ఒకడే. మన వాక్యంలో చూసేవాడు భక్తుడు, “న విద్యతే” (లేదు)కు కర్త పునర్జన్మ. పునర్జన్మ పోయి శిఖరం చూడలేదు కదా! అదీ చిక్కు.

జవాబు:
చిక్కు కొత్తది కాదు, విడుపూ కొత్తది కాదు. ఇలాంటి చోట వ్యాఖ్యాతలు “స్థితస్య” అని ఒక మాట అధ్యాహారం చేసుకుంటారు, అంటే వాక్యంలో లేని మాటను ఉన్నట్టు చేర్చుకుంటారు. “దృష్ట్వా స్థితస్య”, అంటే చూసి ఉన్నవాడికి, పునర్జన్మ లేదు. ఇప్పుడు చూసినవాడూ, నిలిచినవాడూ ఒకడే. పైగా ఈ అచ్చులో పోసిన వాక్యం ఇదొక్కటే కాదు. పూరీ రథయాత్రకు “రథే తు వామనం దృష్ట్వా పునర్జన్మ న విద్యతే” అంటారు. తాగి తాగి, కిందపడి, లేచి మళ్ళీ తాగితే పునర్జన్మ ఉండదనే “పీత్వా పీత్వా పునః పీత్వా” శ్లోకం తోక కూడా ఇదే. (దాని తాంత్రికార్థం వేరని పెద్దలు చెప్తారు. మందు పార్టీల్లో చదివేవాళ్ళు మాత్రం ఆ వివరణ దాకా రారు.)

జవాబు (కడప నుంచి):
నాకైతే ఇక్కడ అసలు రుచి తెలుగులో ఉందనిపిస్తుంది. “పామును చూసి నాకు భయమేసింది” అంటాం. వేసింది భయం, చూసింది నేను. వ్యాకరణం లెక్కన కర్తలు ఇద్దరు, కానీ ఏ తెలుగువాడికీ చెవిలో ముల్లు గుచ్చుకోదు. ఎందుకంటే చూసినవాడే “నాకు” రూపంలో వాక్యంలో ఉన్నాడు. “వానలు కురిసి చెరువులు నిండాయి” అన్నప్పుడు ఆ మాత్రం బంధమూ లేదు, కారణం ముందు, ఫలితం వెనక, అంతే. అట్లాగని “శిఖరం చూసి పునర్జన్మ లేదు” అంటే మాత్రం కుదరదు. “చూస్తే” అనాల్సిందే. అందుకే మన పెద్దోళ్ళు “కాశీలో చస్తే ముక్తి, శ్రీశైలం శిఖరం చూస్తే ముక్తి” అని రెండు చోట్లా “తే” వాడి హాయిగా దాటేశారు. “దృష్ట్వా”ను “చూసి” అని మాటకు మాట తిప్పినప్పుడే గొడవంతా.

జవాబు (ఆత్మకూరు నుంచి):
వ్యాకరణం సరే అన్నా, ఏ శిఖరం? కొండదా, గుడిదా? చాలామంది శిఖరేశ్వరం ఎక్కితే పని అయిపోయిందనుకుంటారు. శిఖరేశ్వరం చూడ్డానికి నిలబడే చోటు. అక్కడ నంది దగ్గర నువ్వులు పోసి, కొమ్ముల సందు నుంచి ఒక కన్ను మూసి వెతికేది దూరంగా ఉన్న మల్లన్న గుడి శిఖరాన్ని. మబ్బుగా ఉంటే వెనకున్నవాళ్ళు “కనిపించిందా, కనిపించిందా” అని ప్రాణం తీస్తారు.

ఇంకోటి. శిఖరేశ్వరం దోర్నాల రోడ్డు మీద ఉంది, బస్సులో పోయేవాళ్ళకు దారిలోనే తగులుతుంది. కన్నడ భక్తులు నడిచే అడవి దారి వేరు: నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, ఆ మెట్లెక్కితే కైలాసద్వారం. కొందరు కర్రకాళ్ళ మీద కూడా నడుస్తారు. భ్రమరాంబ వాళ్ళకు ఇంటి ఆడపడుచు, మల్లయ్య అల్లుడు. చీర, సారె తీసుకొని పుట్టింటోళ్ళ మాదిరి వస్తారు. ఇటు చెంచులకూ ఆయన అల్లుడే, చెంచు మల్లయ్య. ఆ బ్యానర్ వాళ్ళ కోసమైతే కన్నడంలో రాయించాల్సింది!

జవాబు (ఆదోని నుంచి):
మా మార్కెట్లో మార్వాడీ జైనుల అంగళ్ళున్నాయి. వాళ్ళకూ ఒక శిఖరం ఉంది: జార్ఖండ్‌లోని సమ్మేద్ శిఖర్జీ. 24 మంది తీర్థంకరుల్లో 20 మంది అక్కడే నిర్వాణం పొందారని నమ్మకం. “ఏక్ బార్ వందే జో కోయీ” అని వాళ్ళ పద్యం, ఒక్కసారి మొక్కితే నరకజన్మా, పశుజన్మా తప్పుతాయని. వాళ్ళది “మొక్కితే”, మనది “చూస్తే”. మనకే చవగ్గా దొరికింది.

ప్రశ్న వేసినవారు:
ఐతే బ్యానర్ మార్చక్కర్లేదన్నమాట. “దృష్ట్వా” బదులు “దృష్ట్య” అని అచ్చు వేశారు, అది మాత్రం దిద్దిస్తా.