నాటిక సామాను, సెట్టు: గోపురం తీసేద్దాం

అందరికీ నమస్కారం. మొన్న వైజాగ్ దిగాను. మెల్‌బోర్న్‌లో మనం వేసే ఉగాది నాటికకి సామాను కొనే పని నాది కదా. పూర్ణా మార్కెట్‌లో ప్యాకెట్ పసుపు, కుంకుమ, మామ్మ పాత్రకి నేత చీర కొనేశాను. మామిడాకులు అడగొద్దు, మెల్‌బోర్న్ ఎయిర్‌పోర్టులో తీసి పారేస్తారు.

అసలు సంగతి సెట్టుది. పనిలో పనిగా బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గరికి వెళ్లొచ్చాను. మన తెర మీద అంత పెద్ద గోపురం గీయించాం, అది తప్పు. అమ్మవారి మీద గోపురమూ లేదు, కప్పూ లేదు. ఎండైనా వానైనా ఆరుబయటే. మన కథకి ప్రాణం అదే కదా! 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకి ఇంటి రేకులు లేచిపోతే మామ్మ "అమ్మకే కప్పు నేదు, మనకేటే" అంటుంది. వెనక గోపురం పెట్టుకుని ఆ మాట అనిపిస్తే ముందు వరసలో వైజాగ్ వాళ్లు నవ్వుతారు.

ఇంకోటి, అక్కడ భక్తులే అమ్మవారికి పసుపు కుంకుమ పెడతారు. పూజారి పాత్ర అక్కర్లేదు. ఆ వేషం కడతానన్న బాబాయిగారికి ఎవరైనా చెప్పండి, నేనైతే చెప్పను.

కథ రాసిన అక్క: గుడి అనగానే గోపురం రాసేశాను తమ్ముడూ, తప్పు నాదే. సింహాచలం సీను ఉంచుదామా? తుపాను తగ్గాక నాన్న స్వామి నిజరూపం చూసి ఏడుస్తాడు.

నేను: అక్కా, నిజరూపం అక్షయ తృతీయ నాడే. అక్టోబరులో ఎలా చూస్తాడు? ఆ రోజు తప్ప ఏడాదంతా స్వామి చందనంలోనే ఉంటాడు. నాకు అదే నచ్చింది. నాన్న కూడా నాటికంతా లోపలిది బయటపడనివ్వడు కదా. ఆ చందనం ముందు కాసేపు నిలబడి, మాట్లాడకుండా తిరిగొస్తే చాలు. ఏడుపు వద్దు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ కూడా తీసేద్దాం. మామ్మ దీపమూ అదీ రెండూ ఉంటే పాఠం చెప్పినట్టుంది.

హాలు చూసే అన్న: హాల్లో నిప్పు ఒప్పుకోరు. బ్యాటరీ దీపం పెట్టండి.

నేను: బ్యాటరీది వద్దన్నా. అసలు వెలిగించొద్దు. ఆ సీన్లో కరెంటు లేదు, గాలి ఆగలేదు. మామ్మ నూనె పోసి, వత్తి వేసి పక్కన పెట్టుకుని కూర్చుంటుంది. మట్టి ప్రమిదలు మూడు తెస్తున్నా, ఒకటైనా పగలకుండా వస్తుంది.