మామయ్యగారు ఐసీయూలో ఉన్నారు, ఇంకో 24 రోజుల్లో ట్రిప్. బుకింగ్‌లన్నీ ఏం చేయాలి?

నీలిమేఘం:

ఇలాంటి సమయంలో డబ్బుల సంగతి అడుగుతున్నందుకు నాకే ఏదోలా ఉంది, కానీ ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేక ఇక్కడ రాస్తున్నాను.

పోయిన ఆదివారం పొద్దున మా మామయ్యగారికి స్ట్రోక్ వచ్చింది. 71 ఏళ్లు. కుడి చెయ్యి, కుడి కాలు కదలడం లేదు, మాట ముద్దగా వస్తోంది. ఇంకా ఐసీయూలోనే ఉన్నారు. రెండు వారాలు గడిస్తే గానీ ఏదీ గట్టిగా చెప్పలేం అంటున్నారు డాక్టర్ గారు. మేం నలుగురం, అంటే నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, ఇంకో 24 రోజుల్లో పది రోజుల ట్రిప్‌కి బయలుదేరాలి. ఐదు నెలల క్రితం బుక్ చేసుకున్నాం. పిల్లలు క్యాలెండర్‌లో రోజులు కొట్టేసుకుంటూ వస్తున్నారు.

ఫ్లైట్ టికెట్లు నాన్ రిఫండబుల్, నలుగురికీ ఒకే పీఎన్‌ఆర్. హోటళ్లు రెండు. మొదటిది ఫ్రీ క్యాన్సిలేషన్, రెండోది ముందే డబ్బంతా కట్టేసింది. మధ్యలో నాలుగు రోజుల టూర్ ప్యాకేజీ ఉంది, దానికి అడ్వాన్స్ ఇచ్చాం, మిగతా డబ్బు ఈ శుక్రవారం లోపు కట్టాలి. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకున్నాం, టికెట్లు కొన్న మూడు వారాలకి. మామయ్యగారికి బీపీ, షుగర్ చాలా ఏళ్లుగా ఉన్నాయి.

ఈ మాట ఎత్తితే చాలు మా ఆయన "నాన్న అలా ఉంటే నీకు హోటలా?" అని లేచిపోతున్నారు. ఆయన బాధ నాకు తెలుసు. కానీ శుక్రవారం ఆగదు కదా. ఇప్పుడే అన్నీ క్యాన్సిల్ చేసేయాలా, రెండు వారాలు ఆగాలా? ఆ ప్యాకేజీ డబ్బు కట్టాలా వద్దా? ఈ బీపీ వల్ల ఇన్సూరెన్స్ వాళ్లు అసలు క్లెయిమ్ ఇస్తారా?

పాతటికెట్:

నీలిమేఘం గారూ, ముందు ధైర్యంగా ఉండండి. పదకొండేళ్లు టికెటింగ్‌లో పని చేశాను, ఇలాంటి ఫోన్లు చాలా ఎత్తాను. ఆ ఫోన్లలో సగం మంది ఆలస్యంగా చేసినవాళ్లే. ఇంట్లో ఎవరూ మాట ఎత్తలేక, గడువు దాటిపోయాక చేసేవాళ్లు.

శుక్రవారం సంగతి మొదట చూడండి. డబ్బు కట్టకండి, అలాగని ఊరుకోకండి కూడా. ఊరుకుంటే వాళ్లంతట వాళ్లే బుకింగ్ రద్దు చేసి అడ్వాన్స్ పట్టేసుకుంటారు. ఫోన్ చేసి ఐసీయూలో చేర్చారని చెప్పి, గడువు పది రోజులు పొడిగించమని అడగండి, ఒప్పుకుంటే మెయిల్‌లో రాయించుకోండి. ప్యాకేజీలకి క్యాన్సిలేషన్ కోత మెట్లుమెట్లుగా పెరుగుతుంది, బయలుదేరే రోజు దగ్గరపడే కొద్దీ ఎక్కువ, చివరి రోజుల్లో మొత్తం పోతుంది. మీ వోచర్‌లో ఆ మెట్ల తేదీలు ఉంటాయి. అవన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, ఇక మీరు చూడాల్సింది ఆ తేదీలనే.

ఫ్లైట్ల విషయంలో తొందరపడకండి. మీరు కొన్న రకం టికెట్‌కి ఇవాళ క్యాన్సిల్ చేసినా రెండు వారాల తర్వాత చేసినా కోత ఒకటేనా అన్నది ఫేర్ రూల్స్‌లో, అంటే టికెట్ షరతుల్లో, చూడండి, చాలాసార్లు ఒకటే ఉంటుంది. ఈలోగా ఎయిర్‌లైన్ వాళ్లే ఫ్లైట్ రద్దు చేసినా, టైమింగ్ బాగా మార్చినా పూర్తి డబ్బు అడిగే వీలు వస్తుంది. మీరు ముందే క్యాన్సిల్ చేసుకుంటే ఆ అవకాశం ఉండదు. కానీ ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. వెళ్లకూడదని తేలిపోతే బయలుదేరే టైంకి ముందే క్యాన్సిల్ కొట్టండి. ఊరికే వెళ్లకుండా ఉండిపోతే నో షో అంటారు, రిటర్న్ టికెట్ కూడా దానంతట అదే పోతుంది. నాన్ రిఫండబుల్ అన్నా కొన్ని పన్నులు, ఎయిర్‌పోర్ట్ చార్జీలు చాలా చోట్ల అడిగితే తిరిగి ఇస్తారు. అడగని వాళ్లకి ఎవరూ ఇవ్వరు. డబ్బుకి బదులు తర్వాత టికెట్ కొనుక్కోవడానికి క్రెడిట్ ఇస్తామంటే దాని గడువు ఏ రోజు నుంచి లెక్కో అడగండి, చాలామంది మొదట టికెట్ కొన్న రోజు నుంచి లెక్కేస్తారు, అలా అయితే మీకు ఐదు నెలలు ఇప్పటికే అయిపోయినట్టు.

ఫ్రీ క్యాన్సిలేషన్ హోటల్‌కి గడువు ఆ హోటల్ ఉన్న చోటి టైం ప్రకారం ఉంటుంది, మీ గడియారం ప్రకారం కాదు, ఒక రోజు ముందే చేసేయండి. డబ్బు కట్టేసిన హోటల్‌ని మాత్రం సైట్ ద్వారా కాకుండా నేరుగా అడగండి. డబ్బు వాపసు అడిగితే కుదరదంటారు, తేదీ మార్చమంటే చాలాసార్లు ఒప్పుకుంటారు. మేనేజర్ దగ్గర నుంచి ఒక మెయిల్ వస్తే దాన్ని సైట్ వాళ్లకి పంపండి, హోటల్ సరేనంటే వాళ్లు అడ్డు చెప్పడం తక్కువ.

క్లెయిమ్‌ఫైల్:

పై అన్న చెప్పిన దాంట్లో ఒక్క చోట ఆగాలి. టికెట్ల విషయంలో వేచి చూడటం సరే, కానీ ఇన్సూరెన్స్ ఉన్నప్పుడు వేచి చూడటం మెడకి చుట్టుకోవచ్చు. నేను ట్రావెల్ క్లెయిమ్స్ చూసేదాన్ని కాబట్టి చెప్తున్నా. చాలా పాలసీల్లో, వెళ్లలేమని తెలిసిన వెంటనే క్యాన్సిల్ చేయాలి అని ఉంటుంది. ఆలస్యం చేసి ఆ మధ్యలో కోత పెరిగితే, పెరిగిన భాగం మీ నెత్తినే పడుతుంది. కాబట్టి అన్నిటికంటే ముందు, ఇవాళే, ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేసి విషయం నమోదు చేయించండి. డాక్టర్ రెండు వారాలు ఆగమన్నారు, అప్పటిదాకా క్యాన్సిల్ చేయకుండా ఉంటే క్లెయిమ్‌కి ఇబ్బందా అని సూటిగా అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట తర్వాత ఎవరికీ గుర్తుండదు.

పాలసీ జబ్బుకి ముందే తీసుకున్నారు, అది మీకు పెద్ద బలం. స్ట్రోక్ వచ్చాక తీసుకుని ఉంటే ఏమీ వచ్చేది కాదు. ప్రయాణం చేయని కుటుంబ సభ్యుడికి జబ్బు చేసినా క్యాన్సిలేషన్ వర్తించే పాలసీలు చాలానే ఉన్నాయి, అయితే "కుటుంబ సభ్యులు" అంటే ఎవరెవరో పాలసీలోనే నిర్వచనం రాసి ఉంటుంది, అందులో భర్త తల్లిదండ్రులు ఉన్నారో లేదో చూడండి. మీ ఆయన పేరు కూడా పాలసీలో ఉంది కాబట్టి ఆయనకి తండ్రే అవుతారు, అది ఇంకా మేలు.

బీపీ, షుగర్ దగ్గరే పేచీ వస్తుంది. స్ట్రోక్‌కి బీపీ పెద్ద కారణం కదా, ఇది పాత జబ్బు వల్లే వచ్చింది అనొచ్చు. పాత జబ్బు అంటే ఏమిటో ఒక్కో పాలసీ ఒక్కోలా చెప్తుంది. కొన్నిట్లో పాలసీ కొనడానికి ముందు కొన్ని నెలల పాటు మందు మారకుండా, డోస్ మారకుండా, ఆసుపత్రిలో చేరకుండా ఉంటే జబ్బు అదుపులో ఉన్నట్టే లెక్క. ఆ నెలలు ఎన్నో చూసుకుని, ఆ కాలంలోని మామయ్యగారి పాత ప్రిస్క్రిప్షన్లు వెతికి పెట్టండి. ఒకే మందు, ఒకే డోస్ ఉన్న చీటీలు దొరికితే వాటి విలువ మామూలుగా ఉండదు.

డాక్టర్ దగ్గర మామూలు ఉత్తరం రాయించుకుని పంపేస్తారు అందరూ, అది వెనక్కి వస్తుంది. ఇన్సూరెన్స్ వాళ్ల సొంత ఫారం ఉంటుంది, వైద్యం చేస్తున్న డాక్టరే నింపాలి. చేర్చిన తేదీ, జబ్బు పేరు, ఎంత తీవ్రం, ఇంట్లోవాళ్లు పక్కన ఉండాల్సిన అవసరం ఉందా, ఇవన్నీ అందులో పడాలి. ఇంకో మాట, ఎయిర్‌లైన్ గానీ హోటల్ గానీ వోచర్ ఇస్తే, మీరు తీసుకుంటే, అంత మేరకు క్లెయిమ్ తగ్గుతుంది. ఏది లాభమో చూసుకుని ఒప్పుకోండి.

రాత్రిడ్యూటీ:

నేను స్ట్రోక్ వార్డులో నర్సుని. బుకింగ్‌ల గురించి నాకు తెలియదు, ఆ రెండు వారాల గురించి మాత్రం చెప్పగలను.

ఐసీయూ నుంచి బయటికి వచ్చేశారు అనగానే గండం గడిచింది అనుకుని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. ప్రాణం వరకు అది నిజమే. కానీ అసలు మనుషులు కావాల్సింది ఆ తర్వాతే. మింగడం సరిగ్గా వచ్చిందో లేదో పరీక్ష చేశాకే నోటితో తిండి పెడతారు, తొందరపడి పెడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, ఫిజియోథెరపీ, మాట కోసం థెరపీ, ఇవన్నీ ఉంటాయి. ఎక్కువ మెరుగుదల మొదటి మూడు నెలల్లోనే కనిపిస్తుంది. మీ ప్రయాణం రోజుకి మామయ్యగారు బహుశా ఐసీయూలో ఉండరు. బహుశా డిశ్చార్జ్ అయిన కొత్తలో ఇంట్లో ఉంటారు. అప్పుడే మీ ఆయన చేతులు ఆయనకి కావాలి.

అందుకే డాక్టర్ గారిని "నాన్నకి నయమవుతుందా" అని అడగొద్దు, దానికి ఎవరూ జవాబు చెప్పలేరు. "ఇంకో మూడు వారాలకి ఈయన ఆసుపత్రిలో ఉంటారా ఇంట్లోనా, లేచి కూర్చోవడానికి ఎంతమంది సాయం పట్టాలి" అని అడగండి. దీనికి చెప్తారు. ఆ జవాబు వింటే మీరిద్దరూ గొడవ పడాల్సిన పనే ఉండదు.

మీ ఆయన మీద కోపం తెచ్చుకోకండి చెల్లీ. తండ్రి అలా పడుకుని ఉంటే క్యాన్సిల్ అనే మాటే ఆయనకి ఆశ వదులుకున్నట్టు వినపడుతుంది. వార్డు బయట రోజూ చూస్తుంటాను.

మధ్యలోతిరిగొచ్చాం:

అందరూ క్యాన్సిల్ వైపే మాట్లాడుతున్నారు కాబట్టి ఇంకో వైపు కూడా చెప్తాను. మా అమ్మకి క్యాన్సర్ వైద్యం జరుగుతున్నప్పుడు మేం వెళ్లాం. అమ్మే వెళ్లమంది, గట్టిగానే చెప్పింది, అన్నయ్య దగ్గరుండి చూసుకున్నాడు. నాలుగో రోజున జ్వరం వచ్చి చేర్చారని ఫోన్ వచ్చింది, ఆ రాత్రే తిరుగు ప్రయాణం. తేదీ మార్చుకునే వీలున్న రిటర్న్ టికెట్ తీసుకున్నాం కాబట్టి సరిపోయింది, మిగిలిన రోజుల డబ్బు మధ్యలో ఆగిపోయిన ప్రయాణం కింద ఇన్సూరెన్స్ నుంచి కొంత వచ్చింది. వెళ్లినందుకు నేను బాధపడటం లేదు. కానీ మా అమ్మ నోరు తెరిచి చెప్పగలిగింది, మాకు అన్నయ్య ఉన్నాడు. మీ పరిస్థితి అది కాదు. స్ట్రోక్ వచ్చి వారం కూడా కాలేదు.

ఇద్దరూ వెళ్లాలి లేదా ఇద్దరూ ఆగాలి అన్న రూలేమీ లేదు. పీఎన్‌ఆర్ విడదీయమంటే ఎయిర్‌లైన్ వాళ్లు విడదీస్తారు, పిల్లలతో మీరొక్కరే నాలుగు రోజులకి వెళ్లి రావచ్చు. అలా చేయమని కాదు, అలాంటి దారి కూడా ఉందని. పిల్లలకి మాత్రం ఈ వారంలోనే చెప్పేయండి. మేం చివరిదాకా దాచాం, అది తప్పు.

ఇంకొకటి, డబ్బు గురించి అడిగినందుకు సిగ్గుపడకండి. ఆ డబ్బు వెనక్కి వస్తే రేపు ఫిజియోథెరపీకి అక్కరకొస్తుంది. మీ ఆయనతో ఇదే మాట అనండి.

నీలిమేఘం:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నాలుగు రోజులుగా ఇక్కడికి రాలేకపోయాను.

నర్సు అక్క చెప్పిన ప్రశ్నే అడిగాం, ఇద్దరం కలిసి వెళ్లి. మూడు వారాలకి ఇంట్లో ఉండొచ్చు, కానీ మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చాలంటే ఇద్దరు కావాలి అన్నారు. బయటికి వచ్చి మా ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత తనే ఫోన్ తీసి "ఆ టూర్ వాళ్ల నంబర్ ఏది?" అన్నారు. వాళ్లు గడువు పొడిగించడం కుదరదు గానీ అడ్వాన్స్‌ని ఏడాది లోపు ఇంకో తేదీకి మారుస్తామన్నారు. ఇన్సూరెన్స్ వాళ్లని అడిగాక చెప్తామని చెప్పి, వాళ్లన్న మాట మెయిల్‌లో రాయించుకున్నాం. మొదటి హోటల్ క్యాన్సిల్ చేశాను. రెండో హోటల్ నుంచి ఇంకా జవాబు లేదు.

ఇన్సూరెన్స్‌లో నమోదైంది, నంబర్ ఇచ్చారు. పాలసీలో ఆరు నెలల లెక్క ఉంది. అత్తయ్యగారు మందుల చీటీలన్నీ ఒక సంచిలో దాచి ఉంచారు, ఏడాదిగా మందు మారలేదు. ఫారం డాక్టర్ గారికి ఇచ్చాం, సోమవారం నింపి ఇస్తామన్నారు. పిల్లలకి చెప్పాం. పెద్దాడు ఏడ్చాడు, చిన్నది వెళ్లి క్యాలెండర్ తీసేసింది.

క్లెయిమ్‌ఫైల్:

ఆ చీటీల సంచి ఎవరికీ ఇవ్వకండి, కాపీలే పంపండి. సోమవారం ఫారం చేతికి రాగానే అక్కడే నిలబడి చూసుకోండి, సంతకం కింద తేదీ, డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్, ముద్ర మూడూ ఉండాలి. ఫ్లైట్ టికెట్లు మాత్రం ఇన్సూరెన్స్ మెయిల్ వచ్చాకే ముట్టుకోండి, రెండు రోజుల్లో రాకపోతే మళ్లీ ఫోన్ చేయండి.