అమెరికా చరిత్ర పాఠానికి సినిమా చాలా?

డల్లాస్ నాన్న:
మా అమ్మాయి పదకొండో తరగతి. ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధం పాఠానికి టీచరు ‘గ్లోరీ’ (1989) వేసి, పుస్తకంలో నాలుగు పేజీలు చదవమన్నారు. పిల్ల సినిమా చూసి ఏడ్చింది, పేజీలు మాత్రం ముట్టుకోలేదు. దీన్ని చదువంటారా?

కథల పిచ్చి:
ఎందుకనరండీ? 54వ మసాచుసెట్స్ నల్లజాతి పటాలం పేరు ఆ సినిమా రాకముందు ఎంతమందికి తెలుసు? నెలకి 13 డాలర్లని చేర్చుకుని 10 ఇస్తామన్నారు, అందులో 3 బట్టల కింద కోత. వాళ్లు అసలు జీతమే వద్దన్నారు. పుస్తకంలో అది ఒక్క వాక్యం. తెరమీద ఆ జీతం కాగితాలు చింపేస్తుంటే జన్మలో మర్చిపోం.

పాత కాగితాలు:
సరే, ఆ సీనే తీసుకుందాం. సినిమాలో కాగితాలు చింపారు, పటాలం నడిపిన తెల్ల అధికారి కల్నల్ షా తనదీ చింపాడు, చప్పట్లు. అసలు గొడవ ఏడాది పైనే నడిచింది, ఇళ్ల దగ్గర పెళ్లాం పిల్లలు నానా అవస్థ పడ్డారు. 1864 జూన్‌లో కాంగ్రెస్ చట్టం చేస్తేగానీ తేలలేదు. సినిమా చూస్తే పటాలంలో ఎక్కువమంది మాజీ బానిసలే అనిపిస్తుంది. కానీ చాలామంది ఉత్తరాదిలో స్వతంత్రంగా బతుకుతున్నవాళ్లు. బానిసత్వం నుంచి తప్పించుకుని దాని మీద పోరాడిన నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ కొడుకులిద్దరు అందులో చేరారు, సినిమాలో వాళ్ల ఊసే లేదు. డగ్లస్‌ని మాత్రం నెరిసిన గడ్డంతో ముసలాయన్ని చేశారు. అప్పటికి ఆయనకి 45 ఏళ్లు!

కథల పిచ్చి:
రెండు గంటల్లో అన్నీ ఎలా పడతాయండీ? షా ఉత్తరాల ఆధారంగా తీశారు కాబట్టి ఆయన వైపు నుంచే నడిచింది.

పాత కాగితాలు:
నా గొడవా అదే. ఉత్తరాలు ఆయనొక్కడే రాశాడా?

హ్యూస్టన్ అక్క:
ఇద్దరూ కాస్త ఆగండి. ‘లింకన్’ (2012)లో బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణకి కనెటికట్ రాష్ట్ర సభ్యులిద్దరు వ్యతిరేకంగా ఓటేస్తారు. 1865 జనవరి 31న ఆ రాష్ట్రం నలుగురూ అనుకూలంగానే వేశారు, సవరణ 119–56తో నెగ్గింది. ఉత్కంఠ కోసం కావాలనే మార్చామని రచయితే ఒప్పుకున్నాడు. నేనైతే పిల్లలకి ఆ ఓట్ల జాబితా చేతికిచ్చి తప్పు పట్టమంటాను. మనవాళ్ల సంగతీ ఇంతేగా, ‘ఆర్ఆర్ఆర్’ చూసి అల్లూరి, కొమరం భీం ప్రాణస్నేహితులనుకునే పిల్లలు ఎందరో!

పాత కాగితాలు:
అక్కా, తప్పు పట్టడంతో ఆగకూడదు. 1915లో వచ్చిన ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ యుద్ధానంతర కాలం గురించి చెప్పింది పచ్చి అబద్ధం. నల్లవాళ్లని హింసించిన కు క్లక్స్ క్లాన్ ముఠాని వీరుల్ని చేసింది. దాన్ని వైట్‌హౌస్‌లో వేసుకున్నారు. అదే ఏడాది జార్జియాలో స్టోన్ మౌంటెన్ మీద క్లాన్ మళ్లీ పుట్టింది. 1915 నాటి అమెరికాని తెలుసుకోవడానికి అంతకన్నా సాక్ష్యం ఏముంది? సినిమా ఎప్పుడు తీశారో, ఎవరికోసం తీశారో అడగని క్లాసు నా లెక్కలో కాలక్షేపమే.

డల్లాస్ నాన్న:
మరి మా పిల్ల చేత ఏం చదివించమంటారు?

పాత కాగితాలు:
డగ్లస్ పెద్దకొడుకు లూయిస్, ఫోర్ట్ వాగ్నర్ కోట మీద ఈ పటాలం దాడి చేసిన రెండో రోజున, 1863 జులై 20న, కాబోయే భార్య అమీలియాకి ఉత్తరం రాశాడు. చిన్నదే. మావాళ్లెవరూ వెనకడుగు వెయ్యలేదంటాడు. అది చదివించి, సినిమాలో చివరి దాడి మళ్లీ చూపించండి.

కథల పిచ్చి:
సినిమా చూసింది కాబట్టే ఆ ఉత్తరం చదువుతుంది. అదీ ఒప్పుకోండి మరి!